ఎడమ చెయ్యి జేబులో

గురువు మధ్యాహ్నం పన్నెండూ నలభైకి పోయాడు.

అది యుద్ధవిమానాల ఎలక్ట్రానిక్స్ బాగుచేసే షాపు. రాడారు, రేడియో, దిక్కులు చెప్పే పెట్టె, ఏది మొరాయించినా విమానంలోంచి ఊడదీసి అక్కడికే తెస్తారు. పొడుగాటి హాలు. కిటికీలు లేవు. రెండు వైపులా టెస్ట్ బెంచీలు. పన్నెండున్నరకి బెల్లు కొడితే అందరూ భోజనానికి లేచిపోతారు. ఆ రోజూ లేచిపోయారు. గురువు ఒక్కడే ఉండిపోయాడు. ఆయన ఆ షాపుకి పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఆకలి వేసినప్పుడే తినేవాడు, బెల్లు కొట్టినప్పుడు కాదు.

తిరిగొచ్చినవాళ్ళలో ముందున్నవాడు మీటర్. గురువు స్టూలు పక్కన నేలమీద పడి ఉండటం చూశాడు. బెంచీ మీద రాడార్ ట్రాన్స్‌మిటర్ మూత తీసి ఉంది. హై వోల్టేజ్ దీపం ఎర్రగా వెలుగుతోంది.

మీటర్ ముందు స్విచ్ ఆపాడు. తర్వాత గ్రౌండ్ కర్రతో, కరెంటు నిలవుండే కండెన్సర్‌ని ఖాళీ చేశాడు. ఠప్పుమంది. ఆ తర్వాతే గురువుని ముట్టుకున్నాడు. ఆ వరస నేర్పింది గురువే. ఆయన కోసం కూడా వరస తప్పలేదు.

డాక్టర్ వచ్చి భుజం తట్టేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. ఇంకేమీ చూడలేదు.

"షాక్. యాక్సిడెంట్," అన్నాడు డాక్టర్.

"పెద్దవాడైపోయాడు. చెబితే వినేవాడు కాదు," అన్నాడు స్టాంప్. అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. షాపులో బాగుపడిన ప్రతి పెట్టె మీదా అతని ముద్ర పడాలి. పడకపోతే విమానం ఎక్కదు. అందుకే ఆ పేరు. సంతకం దగ్గర ఎంత ఖచ్చితమో, చొక్కా ఇస్త్రీ దగ్గర అంత ఖచ్చితం.

మీటర్ ముఖంలో ముల్లు కదల్లేదు. ఎప్పుడూ కదలదు గనకే అతన్ని అందరూ మీటర్ అనేవాళ్ళు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. అతను వెళ్ళి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీశాడు. అది ఇంకా వేడిగానే ఉంది.

బెంచీ మీద గురువు లాగ్ పుస్తకం తెరిచి ఉంది. ఆఖరి వరస ముందురోజు తారీకుతో, పెన్సిల్‌తో రాసి ఉంది. "ట్రాన్స్‌పాండర్. కోల్డ్ టెస్ట్. నలభయ్యో నిమిషం. మూగ."

కోల్డ్ బాక్స్ తలుపు తీశాడు. పైన ఆకాశంలో ఉండే చలిని కింద పుట్టించే పెట్టె అది. లోపల అరలన్నీ ఖాళీ. మూగపోయిన ట్రాన్స్‌పాండర్ లేదు.

మీటర్ అరలు రెండుసార్లు చూశాడు. ఆ కాగితం చింపి బూటులో పెట్టుకున్నాడు.

*

మీటర్ అసలు ఉద్యోగం వేరు. పదకొండేళ్ళ క్రితం ఒక గూఢచారి ఆఫీసు అతన్ని ఆ షాపులో మెకానిక్‌గా నాటింది. సరిహద్దు అవతలి ముఠా ఎప్పటికైనా అక్కడ చెయ్యి పెడుతుంది, నువ్వక్కడ ఉండు అన్నారు. ఉన్నాడు. మొదటి ఏడు ఎదురుచూశాడు. తర్వాత ఎదురుచూడటం మరిచిపోయాడు. పెట్టెలు బాగుచెయ్యడం వచ్చేసింది. గురువు తన ఇంటి మేడమీద గది ఇచ్చాడు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి ఒక మేకు. ఆ మేకుకి ఏం తగిలించాలో పదకొండేళ్ళలో తోచలేదు.

చేరిన కొత్తలో ఒకసారి రెండు చేతులూ ట్రాన్స్‌మిటర్‌లో పెట్టాడు. ఎగిరి గోడకి కొట్టుకున్నాడు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు అప్పట్నుంచీ మొద్దే. సూది గుచ్చినా తెలియదు. గురువు అతన్ని లేపి, నీళ్ళు తాగించి, ఆ ఎడమ చేతిని పట్టుకుని ప్యాంటు జేబులో దూర్చాడు.

"దీనికి అక్కడ పనుంది. అక్కడే ఉంచు," అన్నాడు.

హై వోల్టేజ్ దగ్గర ఒక్క చేత్తోనే పని. రెండోది జేబులో ఉండాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు ఈ చేత్తో ఎక్కి ఆ చేత్తో దిగుతుంది. దారిలో గుండె ఉంటుంది. పుస్తకంలో ఈ మాట ఇలా రాయరు. బెంచీ దగ్గర చేయి కాలినవాడు పక్కవాడికి చెబుతాడు. స్టాంప్ ఏనాడూ బెంచీ దగ్గర కూర్చున్నవాడు కాదు. షాపులోకి వచ్చినప్పుడల్లా అరిచేవాడు.

"ఏమయ్యా, పెళ్ళికొచ్చారా? జేబులోంచి చేతులు తియ్యండి!"

తీసేవాళ్ళు. అతను వెళ్ళగానే మళ్ళీ పెట్టేవాళ్ళు.

మూడో రోజు పొద్దున్న వదిన మేడమీదికి కాఫీ తెచ్చింది. గురువు భార్యని మీటర్ వదినా అనే పిలిచేవాడు. ఆమె గ్లాసు కిటికీలో పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"మీటరూ, ఒకటడుగుతాను. నొప్పి తెలిసుంటుందంటావా?"

"లేదు వదినా. తెలిసేలోపే అయిపోతుంది."

"అందరూ అదే చెబుతున్నారు. నువ్వు అబద్ధం ఆడేటప్పుడూ ఇదే మొహం, నిజం చెప్పేటప్పుడూ ఇదే మొహం." ఆమె కొంగుతో కిటికీ అంచు తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. "ఆఖరిసారి చెయ్యి పట్టుకుందామనుకున్నా. పట్టుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు. రెండు చేతులకీ కట్లే. రెండూ కాలిపోయాయిట."

మీటర్ కాఫీ గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"రెండూనా?"

"రెండూ."

అతను కాఫీ తాగాడు. వేడో చల్లో తెలియలేదు.

కింద బూట్ల చప్పుడైంది. పిట్ట యూనిఫారంలో మెట్ల దగ్గర నిలబడి ఉంది. పిట్ట గురువుగారి ఒక్కగానొక్క కూతురు. ఎగిరే ఉద్యోగం. చిన్నప్పుడు ముద్దుకి పెట్టిన పేరు అలా నిజమై కూర్చుంది.

"బాబాయ్, సెలవిస్తామన్నారు. వద్దన్నా. రేపటి ఎక్సర్‌సైజులో నలభై ఒకటో నంబరు విమానం నాదే."

"మీ అమ్మ?"

"అమ్మే వెళ్ళమంది. ఇంట్లో కూర్చుంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలిగా." ఆమె టోపీ సర్దుకుంది. "నాన్న సర్దిన పెట్టెలే కదా విమానంలో ఉండేవి. భయమేముంది?"

"ఏమీ లేదు," అన్నాడు మీటర్.

*

సాయంత్రం ఆరింటికి మీటర్ ఒక కళ్ళజోళ్ళ దుకాణంలోకి వెళ్ళాడు. ఇరుకు దుకాణం. కౌంటర్ వెనక మెడకి టేపు వేసుకున్న ముసలాయన. ఆఫీసులో అందరూ ఆయన్ని పెదనాన్న అంటారు. ఆయనకి పిల్లల్లేరు.

"దూరంవి కనిపిస్తున్నాయండీ. దగ్గరవే కనిపించడం లేదు," అన్నాడు మీటర్.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళ నుంచి."

పెదనాన్న తలుపు గడియ వేశాడు. వెనక గదిలో కుర్చీ, గోడమీద అక్షరాల చార్టు. పెద్ద అక్షరాలు పైన, చిన్నవి కింద. బల్బు రంగు మారిస్తే చార్టు మీద వేరే గీతలు తేలాయి. నాలుగు విమానాలు, ఒక గీతగా తిరుగుదారి, దారి చివర మిసైళ్ళు పేల్చే బ్యాటరీ.

"రేపు పదింటికి నాలుగు విమానాలు వెళ్ళి తిరిగొస్తాయి. ఈ బ్యాటరీ వాటిని అడుగుతుంది."

"నువ్వెవరని."

"విమానంలో ట్రాన్స్‌పాండర్ ఉంటుంది. మనవాణ్ణే అని జవాబిస్తుంది. జవాబు రాలేదనుకో?"

"మిసైల్ బయల్దేరుతుంది."

"దానంతటదే. రేపు ఆటోమేటిక్‌లో పెడుతున్నారు, అదే ఎక్సర్‌సైజు. మన మిసైల్‌తో మన విమానమే కూలితే ఆ సిస్టమ్‌ని ఎవడూ నమ్మడు. నెల రోజులు ఆపేస్తారు. అవతలివాళ్ళకి కావలసింది ఆ నెలే."

మీటర్ బూటులోంచి కాగితం తీసి ఇచ్చాడు. పెదనాన్న భూతద్దంతో చదివాడు.

"పుస్తకం ప్రకారం కోల్డ్ టెస్ట్ ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. ఈయన రెండు గంటలు పెడతాడు. పైలెట్ ఇరవై నిమిషాలకి దిగిపోడు కదా అనేవాడు."

"అందుకే దొరికింది. అందుకే చంపారు."

"రెండు చేతులూ కాలాయి," అన్నాడు మీటర్. "ముప్పై ఏళ్ళుగా ఒక చెయ్యి జేబులో ఉన్న మనిషి. ఎవరో పడగొట్టి, తీసుకెళ్ళి రెండు చేతులూ అక్కడ పెట్టారు. అలా పెట్టాలనుకున్నవాడు బెంచీ పని ఎన్నడూ చెయ్యనివాడు."

"ఎవరు?"

"ఒకరిమీద అనుమానం. రుజువు లేదు."

"రుజువు తర్వాత. ముందు పెట్టె. నాలుగింటిలో ఏ విమానంలో పెట్టారో కనుక్కో. ఎక్సర్‌సైజు ఆగకూడదు, పెట్టె ఒక్కటే ఆగాలి. మొత్తం ఆపామా, వాళ్ళలో ఉన్న మన మనిషిని వాళ్ళు బతకనివ్వరు."

"వాళ్ళలో మన మనిషెవరు?"

పెదనాన్న ముక్కు మీదికి జారిన అద్దాలు పైకి తోసుకున్నాడు. "మీటర్లు సరిచూడటానికి మూడు నెలలకోసారి మీ షాపుకి వస్తుంది చూడు."

"సెంటు మేడమ్?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఎవరికెంతో నాకూ సరిగ్గా తెలియదు. రేపటిదాకా హోటల్లో ఉంటుంది." డ్రాయరులోంచి ఒక కళ్ళజోడు తీశాడు. "ఇది పెట్టుకో. కుడి అద్దం అంచున చిన్న అద్దం అతికించాం. వెనక ఎవరున్నారో కనిపిస్తుంది."

"పిస్తోలు?"

"మీ గేటు దగ్గర టిఫిన్ డబ్బా కూడా తెరిచి చూస్తారు. లోపల దొరికినదాంతో చేసుకో. నువ్వు మెకానిక్‌వి కదా."

*

సెంటు మేడమ్ వచ్చే రోజున షాపులో అందరూ గడ్డాలు గీసుకునేవాళ్ళు. ఆమె వచ్చి మీటర్లు సరిచూసి వెళ్ళిపోయాక అరగంటసేపు, సోల్డర్ పొగలో కూడా పూలవాసన ఉండిపోయేది. ఒక్క మీటరే గడ్డం గీసుకునేవాడు కాదు. అందుకే ఆమె అతన్ని గమనించి ఉంటుంది.

ఏడింటికి హోటల్ గది తలుపు తట్టాడు. నీలం చొక్కా, టూల్ బ్యాగు, పెట్టుడు మీసం.

"ఏసీ రిపేరు మేడమ్. చలి ఎక్కువగా ఉందా?"

"చలి కాదు. చప్పుడు," అందామె. కోడ్ సరిపోయింది. తలుపు మూసింది. నల్ల పట్టు గౌను, పొడుగు చేతులు, రెండు జేబులు. ఒక జేబు బరువుగా వేలాడుతోంది. అందులో ఏముందో అతను అడగలేదు.

అతను ఏసీ మూత తీశాడు. నిజంగానే తీశాడు. లోపలి కండెన్సర్ బయటపడింది. "ఈ వైరు కాస్త పట్టుకుంటారా? కరెంటు ఉంది, జాగ్రత్త."

ఆమె కుడిచెయ్యి చాపింది. ఎడమ చెయ్యి దానంతటదే వెళ్ళి గౌను జేబులో కూర్చుంది.

మీటర్ అది చూశాడు. బెంచీ మీద పెరిగిన చెయ్యి. గురువుని అలా పడుకోబెట్టినది ఈమె కాదు.

ఆమె నవ్వింది. "పరీక్ష పాసయ్యానా?"

"పాసయ్యారు."

"నువ్వు ఫెయిలయ్యావు. మీసం బాగానే కుదిరింది. మూత తీస్తుంటే జేబులో చెయ్యేమిటి? ఏసీవాళ్ళు రెండు చేతులూ వాడతారు. వాళ్ళ మనుషులెవరైనా చూసుంటే, ఇదెక్కడి ఏసీ, ఇది రాడార్ మెకానిక్ అని ఇట్టే పట్టేసేవాళ్ళు."

మీటర్ చెయ్యి బయటికి తీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టె ఏ విమానంలో ఉంది?"

"నాకు చెప్పలేదు. నాలుగింటిలో ఒకటి. అది మాత్రం తెలుసు." ఆమె మంచం అంచున కూర్చుంది. "ఇంకొకటి. లోపల పిడికెడు పేలుడు మందు కూడా పెట్టారు. కింద పడితే పేలుతుంది. విమానం కూలితే సాక్ష్యం మిగలకూడదు కదా. అంచేత నీకు దొరికితే జారవిడవకు."

"మీకు గురువు తెలుసా?"

"మీ షాపులో మీటర్ల రీడింగు నా దగ్గర దాచనివాడు ఆయనొక్కడే. తప్పుంటే తప్పు అని రాసేవాడు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఎవరు చంపారో తెలిస్తే ఏం చేస్తావు?"

"తెలియదు. ఏమీ అనిపించడం లేదు."

"అదృష్టవంతుడివి," అంది సెంటు మేడమ్. ఆ మాట అతనికి తర్వాత అర్థమైంది.

*

మర్నాడు పొద్దున్న ఆరింటికే మీటర్ షాపు తెరిచాడు. చెత్త అరలోంచి ఒక పాత ట్రాన్స్‌పాండర్ డొప్ప తీశాడు. లోపలి సామానంతా పీకేసి, రాడార్ కండెన్సర్ ఒకటి బిగించాడు. పెట్టెకి రెండు పిడులుంటాయి, అటొకటి ఇటొకటి. పిడుల కింద రబ్బరు వేశాడు. కండెన్సర్ ఒక కొస కుడి పిడికి, రెండో కొస ఎడమ పిడికి కలిపాడు. బెంచీ మీద పెట్టి కరెంటు ఎక్కించాడు. ముల్లు సగానికి రాగానే ఆపాడు. దయతో కాదు. మనిషి తర్వాత మాట్లాడాలి.

ఒక్క పిడి పట్టుకుంటే దానితో ఏ బాధా లేదు. పైన "స్పేర్" అని చీటీ అంటించాడు.

రన్‌వే మొదట్లో లాస్ట్ చెక్ అనే చోటుంది. ఎగిరే ముందు విమానాలు ఇంజన్లతోనే అక్కడ ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. మెకానిక్ చుట్టూ తిరిగి మూతలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసి బొటనవేలు ఎత్తుతాడు. అప్పుడు వెళ్తాయి. పక్కనే రేకుల షెడ్డు, అందులో ఒక టేబులు, టవర్‌కి ఒక ఫోను. ఆ పూట డ్యూటీ మీటర్ అడిగి వేయించుకున్నాడు. స్పేర్ పెట్టె అక్కడ ఎప్పుడూ ఉంచుతారు గనక ఎవరూ ఏమీ అడగలేదు.

నాలుగు విమానాలు వచ్చి ఆగాయి. నేల వణుకుతోంది. పిట్టది ఆఖరిది. హెల్మెట్ లోంచి చెయ్యి ఊపింది.

పెట్టెలన్నీ బయటికి ఒకటే. టెస్టర్‌తో అడిగితే నాలుగూ చక్కగా జవాబిస్తాయి, నలభై నిమిషాల దాకా. అది మీటర్‌కి తెలుసు. అందుకే టెస్టర్ జేబులోంచి తియ్యలేదు. అతను చూడాల్సింది తీగ.

పెట్టెని బిగించిన స్క్రూలు అదురుకి ఊడకుండా సన్నటి స్టీలు తీగ మెలిపెట్టి కడతారు. చివర కత్తిరిస్తారు. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. గురువు ఆగేవాడు కాదు. ఆ తెగిన కొసని లోపలికి మడిచేవాడు. "రేపు ఇక్కడ చెయ్యి పెట్టేవాడికీ వేళ్ళున్నాయి," అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ ఆ మడత వచ్చు. ఈ నాలుగు పెట్టెలూ బిగించింది వాళ్ళే. మడత లేకపోతే అక్కడ వేరే చెయ్యి పడినట్టే.

మొదటి విమానం. మూత తీసి లోపల వేళ్ళు ఆడించాడు. మడత ఉంది. బొటనవేలు ఎత్తాడు. రెండోది. మడత ఉంది. మూడోది. ఉంది.

నలభై ఒకటి మూత తీశాడు. ఎడమ చెయ్యి లోపల పెట్టి తడిమాడు. ఏమీ తెలియలేదు. చెయ్యి బయటికి తీసి చూస్తే చివరి రెండు వేళ్ళూ ఎర్రగా ఉన్నాయి. రక్తం మణికట్టు దాకా కారింది.

తీగ కొస నిటారుగా ఉంది. పుస్తకంలో ఉన్నట్టే.

మీటర్ పిట్ట వైపు అరచెయ్యి చూపాడు, ఆగమని. షెడ్డులోకి నడిచి ఫోను ఎత్తాడు. చప్పుడు లేదు. వైరు వెంబడి చూశాడు. కింద కత్తిరించి ఉంది. శుభ్రంగా, కొలత పెట్టినట్టు.

కళ్ళజోడు అంచు అద్దంలో ఇస్త్రీ చొక్కా ఒకటి కనిపించింది. దాని ముందు పిస్తోలు.

"జేబులోంచి చెయ్యి తియ్యి," అన్నాడు స్టాంప్.

మీటర్ తియ్యలేదు. నెమ్మదిగా తిరిగాడు. కుడిచేత్తో టేబులు మీది పెట్టెని ఒక పిడి పట్టుకుని ఎత్తాడు. పద్నాలుగు కిలోలు. చెయ్యి సాగింది.

"ఏమిటది?"

"నలభై ఒకటిలోది సార్. తీసేశాను. స్పేర్ పెట్టేశాను."

స్టాంప్ మొహం పాలిపోయింది. "అబద్ధం. అంతలో ఎలా తీస్తావు?"

"పదకొండేళ్ళుగా తీస్తున్నాను సార్. చీకట్లో కూడా తీస్తాను. మీరు కట్టిన తీగే కాస్త గుచ్చుకుంది." రక్తం ఓడుతున్న చేతిని జేబులోంచి కొంచెం పైకి తీసి చూపించి మళ్ళీ లోపల పెట్టాడు. "గురువుగారి రెండు చేతులూ ఎందుకు పెట్టారు సార్?"

"ఏంటి?"

"ట్రాన్స్‌మిటర్‌లో. ఒక్కటి చాలు కదా."

స్టాంప్‌కి ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "పనిచేసేవాడు రెండు చేతులూ పెట్టే కదా చేస్తాడు!"

"అంతేలెండి," అన్నాడు మీటర్.

బయట మొదటి విమానం గర్జించి ఎగిరిపోయింది. షెడ్డు రేకులు దడదడలాడాయి.

"పెట్టె టేబులు మీద పెట్టు. మెల్లగా. ఒంటిచేత్తో ఏమిటా పట్టుకోవడం! రెండు చేతులతో పట్టుకో!"

"రెండో చేతికి తెగింది సార్. పట్టు లేదు." మీటర్ ఒక అడుగు ముందుకి వేశాడు. పెట్టె ఊగింది. "బరువుగా ఉంది. మీరు అందుకోండి."

"రాకు! అక్కడే ఆగు!"

రెండో విమానం ఎగిరింది. ఆ హోరులోనే మీటర్ వేళ్ళు వదులు చేశాడు. పెట్టె జారింది.

అసలు పెట్టెలో పిడికెడు మందు ఉందనీ, కింద పడితే పేలుతుందనీ ఆ షెడ్డులో ఇద్దరికీ తెలుసు. అది ఈ పెట్టె కాదని ఒక్కడికే తెలుసు. స్టాంప్ పిస్తోలు వదిలేసి ముందుకి దూకాడు. పెట్టెని గాలిలోనే అందుకున్నాడు. చక్కగా, అటో పిడి ఇటో పిడి, రెండు చేతులతో.

ఠప్పుమంది.

ఇస్త్రీ చొక్కా గోడకి తగిలి కిందికి జారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఉంది. మీటర్ కాలితో పిస్తోలు తన్నేశాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక్క క్షణం చూశాడు. అనిపించలేదు.

మూడో విమానం ఎగిరింది.

అతను బయటికి వచ్చేసరికి నలభై ఒకటి కదలడం మొదలైంది. టవర్ తొందర పెట్టినట్టుంది. దూరాన రేడియో లేని మెకానిక్ ఒకడు, ముందు ఖాళీ రన్‌వే. మీటర్ పరిగెత్తాడు. ముక్కు చక్రం ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

కదిలిన విమానాన్ని ఆపమని చెప్పే సైగ ఒకటే. రెండు చేతులూ తలపైకి ఎత్తి అడ్డంగా కలపాలి. ఒక చేత్తో అది కుదరదు.

ఎడమ చెయ్యి జేబులోంచి వచ్చింది. రక్తం మోచేతి మీదికి కారుతుండగా రెండు చేతులూ ఎత్తి కలిపాడు.

బ్రేకులు కీచుమన్నాయి. ముక్కు కిందికి వంగి, అతని ఛాతీకి మూరెడు దూరంలో ఆగింది. వేడిగాలి మొహానికి కొట్టింది. పైన అద్దం తెరుచుకుంది.

"బాబాయ్! చావాలనుందా నీకు?"

అతను గొంతు మీద చెయ్యి అడ్డంగా గీసి చూపించాడు. ఇంజన్ ఆపు. పిట్ట అతని చేతులు చూసింది. రెండూ బయటే ఉన్నాయి. ఆ మనిషి రెండు చేతులూ ఒకేసారి ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకేమీ అడక్కుండా ఇంజన్ ఆపేసింది.

*

వెళ్ళిన మూడు విమానాలూ జవాబులిచ్చుకుంటూ తిరిగొచ్చాయి. నలభై ఒకటికి టైరులో గాలి తక్కువని రాశారు. పెట్టెని ఇసుక బకెట్‌లో పెట్టి ఎవరో తీసుకుపోయారు. స్టాంప్ బతికాడు. మూడో రోజుకి నాలుక తిరిగింది. ముఠాలో ఏడుగురి పేర్లు చెప్పాడు. అందులో సెంటు మేడమ్ పేరు లేదు. అతనికి ఆమె సంగతి తెలియదు.

ఆమెకి మాత్రం అతని సంగతి తెలుసు.

అది పెదనాన్న చెప్పాడు, దుకాణంలో వెనక గదిలో, మీటర్ కంటికి అద్దాలు మారుస్తూ.

"గురువుని చంపుతారని ఆమెకి ముందురోజే తెలుసు. ఎవరు చంపుతారో కూడా. నాకు కబురు పంపింది. ఆపితే ఆమె బయటపడిపోతుంది. పెట్టె ఎప్పుడు, ఎక్కడ అనేది మనకి దొరకదు. నాలుగు విమానాలు ఒకవైపు, ఒక మనిషి ఒకవైపు."

"ఎవరు నిర్ణయించారు?"

"నేను."

మీటర్ చార్టు వైపు చూస్తున్నాడు.

"నీకు చెబితే ఆగేవాడివి కాదు. అందుకే చెప్పలేదు," అన్నాడు పెదనాన్న. "ఆఖరి వరస చదువు."

"కనిపించడం లేదు."

పెదనాన్న ఇంకో అద్దం వేశాడు. "ఇప్పుడు?"

"లేదు."

ఇంకోటి వేశాడు. ఇంకోటి. ఆఖరికి అద్దాల పెట్టె మూసేసి, జేబురుమాలు తీసి అతని ఒళ్ళో పెట్టాడు. "నంబర్ మారినట్టుందిలే," అన్నాడు.

ఆ రాత్రి భోజనం వదిన వడ్డించింది. తండ్రి కూర్చునే పీటని పిట్ట గోడకి జరిపింది. తినడం అయ్యాక మేడమీద గదిలో గోడమేకుకి మీటర్ గురువుగారి పని ప్యాంటు తగిలించాడు. వదిన ఇచ్చింది. ఎడమ జేబు అడుగున బట్ట అరిగిపోయి అవతలికి కనిపిస్తోంది.

సోమవారం మీటర్‌ని షాపుకి పెద్దగా వేశారు. రాడార్ ట్రాన్స్‌మిటర్ ఒకటి మూత తీసి బెంచీ మీద ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది. కొత్త ఇన్‌స్పెక్టర్ హడావుడిగా వచ్చాడు. పోయినవారం జరిగిన ప్రమాదం దృష్ట్యా భద్రత పెంచుతున్నారట. పైనుంచి నోటీసు వచ్చిందట. అందరూ చదివి సంతకం పెట్టాలట.

మీటర్ చదివాడు. "పనివేళల్లో జేబుల్లో చేతులు పెట్టుకొనుట నిషేధం."

"అర్థమైందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అర్థమైంది సార్," అని మీటర్ కుడిచేత్తో సంతకం పెట్టాడు. ఎడమ చేతికి ఖాళీ లేదు.